ఫ్యాన్ మోత ఆగింది

బ్రౌజర్ మూయగానే లాప్‌టాప్ ఫ్యాన్ మోత ఆగిపోయి గోడ గడియారం చప్పుడు వినపడింది.

2 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్ ఇది, సోషల్ మీడియా ట్యాబ్‌లు రెండు తెరిస్తే చాలు, మొరాయించేది. ఇవాళ న్యూస్‌బోట్ వేసుకున్నా, నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవాటిని ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్ అది. కమాండ్లు టైప్ చేసే నల్లటి టెర్మినల్ తెరలో అక్షరాలు, అంతే. మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో మనకు నచ్చినవాళ్ల ప్రొఫైల్ అడ్రస్ చివర డాట్ ఆర్ఎస్ఎస్ (.rss) అని చేరిస్తే చాలు, వాళ్ల పబ్లిక్ పోస్టులు ఫీడ్‌గా, అంటే కొత్తవాటి జాబితాగా వచ్చేస్తాయి, యూట్యూబ్ ఛానెళ్లకూ ఫీడ్ ఉంటుంది, దేనికీ లాగిన్ అక్కర్లేదు.

పెద్ద ఆర్ (R) నొక్కితే అన్నీ రిఫ్రెష్ అయ్యాయి. 17 కొత్తవి. అన్నీ నేను ఏరికోరి పెట్టుకున్నవాళ్లవే, మధ్యలో ఒక్క యాడ్ లేదు.

చివరిది చదివాక కిందికి ఇంకేమీ లేదు. అలా అయిపోవడం చూసి ఎన్నాళ్లయిందో! ప్రాణం హాయిగా అనిపించింది. మూత దించి డాబా మీదికెళ్లా.