సిజేరియన్ కుట్లు, ఇంట్లో పథ్యాలు

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక వచ్చినవాళ్ళందరూ పాపనే చూస్తారు. తల్లి పొట్ట మీద కోత గురించి అడిగేవాళ్ళు తక్కువ. మా అమ్మ ప్రేమగా పసుపు, నువ్వుల నూనె కలిపి తెచ్చింది. "ఒళ్ళంతా రాయమ్మా, కుట్ల మీద మాత్రం వద్దు" అన్నాను. సరేనంది.

డాక్టరమ్మ పదే పదే చెప్పింది శుభ్రంగా, పొడిగా ఉంచమనే. సబ్బు నీళ్ళు పైనుంచి జారిపోతే చాలు, రుద్దకూడదు. తర్వాత మెత్తటి నూలు బట్టతో అద్దుకోవాలి. పొట్ట మడత కింద తడి నిలిచిపోతుంది, చూసుకోవాల్సింది అక్కడే. దగ్గు వచ్చినప్పుడు దిండు పొట్టకి అదిమిపెట్టుకుంటే కాస్త ప్రాణం కుదుటపడుతుంది. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, చేయి ఆనించి లేవాలి. 6 వారాలదాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. నీళ్ళ బిందె అసలే వద్దు.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించడం నాకు అస్సలు నచ్చదు. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి కదా!

కోత చుట్టూ నెలల తరబడి తిమ్మిరిగా ఉండొచ్చు, దానికి టెన్షన్ వద్దు. కానీ ఎర్రగా వాచినా, చీము కారినా, కుట్లు విడినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. "బాలింతకి ఇవన్నీ మామూలే" అని ఎవరైనా అంటే ఆగిపోకండి.