బ్యాటరీ లైటు పట్టుకున్నవాడు

ఓర్వకల్లు వైపు మా ఊళ్లో వేరుశనగకు నీళ్లు కట్టే రోజుల్లో త్రీఫేజు కరెంటు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే వచ్చేది. స్టార్టరు పెట్టెలో ఫ్యూజు పోతే నాన్న తీగ చుట్టేవాడు, నేను బ్యాటరీ లైటు పట్టుకునేవాణ్ణి. ఏదో చప్పుడైందని లైటు కాస్త పక్కకు తిప్పినా నాన్న చెయ్యి ఆగిపోయేది, "కదపొద్దురా" అనేవాడు. విమానం నుంచి విమానం మీదికి ప్రయోగించే రాడార్ క్షిపణుల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పెట్టె గుర్తుకొస్తుంది, ఎందుకంటే వాటి చరిత్రంతా లైటు ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అమెరికా నౌకాదళం కోసం తయారైన స్పారో క్షిపణిలో తొలి రకం, విమానం పంపే సన్నని రాడార్ పుంజం వెంటే సాగిపోయేది. దూరం పెరిగేకొద్దీ పుంజం వెడల్పవుతుంది కనుక గురి సడలేది. 1958లో వచ్చిన ఏఐఎం-7సి రకం పద్ధతి మార్చింది: విమానపు రాడార్ తరంగాలు శత్రు విమానానికి తగిలి వెనక్కి వస్తే, క్షిపణి ముక్కులోని సీకర్ వాటిని అందుకొని దారి సరిచేసుకుంటుంది. దీన్నే సెమీ యాక్టివ్ అంటారు. క్షిపణికి కన్నుంది గానీ దీపం లేదు. అది తగిలేదాకా పైలట్ తన రాడార్‌ను లక్ష్యం మీదే నిలిపి ఉంచాలి, అంటే తానూ శత్రువు వైపే వెళ్తూ ఉండాలి.

వియత్నాం యుద్ధంలో స్పారో లోపాలు బాగా బయటపడ్డాయి. ప్రయోగించిన స్పారోలలో నూటికి పది కూడా విమానాన్ని కూల్చలేకపోయాయి. వాక్యూమ్ ట్యూబులతో నిండిన ఆ సున్నితమైన సరంజామా తేమకూ కుదుపులకూ తట్టుకోలేదు; పైగా కంటితో చూసి శత్రువని నిర్ధారించుకున్నాకే కాల్చాలన్న నిబంధన వల్ల, దూరం నుంచి కొట్టడానికి చేసిన ఆయుధాన్ని దగ్గరి పోరులో వాడవలసి వచ్చింది. తరువాతి ఏఐఎం-7ఎఫ్ రకంలో ట్రాన్సిస్టర్లు రావడంతో ఎలక్ట్రానిక్స్‌కు పట్టే చోటు తగ్గి, మిగిలిన చోటులో పెద్ద మోటారు అమరింది. నా దృష్టిలో అసలైన మలుపు ఇదే, ఎందుకంటే లైటును కూడా క్షిపణిలోనే పెట్టాలంటే ముందు అందులో చోటు దొరకాలి.

సొంత రాడార్ ఉన్న ఫీనిక్స్ క్షిపణి 1974లోనే సేవలోకి వచ్చినా, దాని బరువు సుమారు 450 కిలోలు. ఎఫ్-14 తప్ప మరో యుద్ధవిమానం దాన్ని సేవలో మోయలేదు. 1991లో వచ్చిన ఆమ్రామ్ క్షిపణి ఆ సొంత రాడార్ సామర్థ్యాన్ని దాదాపు 150 కిలోలకు కుదించింది. చివరి దశలో అది తన రాడార్‌తో తానే వెతుక్కుంటుంది, పైలట్ వెనుదిరగవచ్చు. మా తమ్ముడు ఇప్పుడు తలకు లైటు కట్టుకొని ఒక్కడే ఫ్యూజు వేసుకుంటున్నట్టే.

హైదరాబాద్ డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న మన అస్త్ర కూడా ఈ కోవలోదే. 2014లో తొలిసారి సుఖోయ్-30 నుంచి ప్రయోగించారు. నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మాత్రం 2025 జులై 11న ఒడిశా తీరంలో జరిగిన పరీక్ష. అందులో స్వదేశంలో తయారైన సీకర్‌నే వాడారు. అదే నెల 25న మా కర్నూలు పరీక్షా క్షేత్రంలో ఒక క్షిపణిని పరీక్షించినప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నీ అస్త్ర మన దగ్గరే పేల్చారంట" అన్నాడు. అది డ్రోన్ నుంచి వదిలే చిన్న క్షిపణి అనీ, వంద కిలోమీటర్లు పోగల అస్త్రకు సముద్రమంత ఖాళీ కావాలనీ చెప్పాను.