టెట్రాలు, సంపు నీళ్ళు, మా అసోసియేషన్: నా అనుభవం

వనస్థలిపురంలోని మా ఫ్లాట్‌లో ఉన్న నియాన్ టెట్రాల గుంపు మొదట్లో కొన్ని పోయినా, ఈ ఎండాకాలాన్ని మాత్రం ఒక్క చేప కూడా పోకుండా దాటింది. ఇందుకోసం నేను నీటితో పడిన పాట్ల కన్నా మనుషులతో వేగిన వేగుడే ఎక్కువ కనుక, ఆ కోపం చల్లారక ముందే రాసిపెడుతున్నాను.

తొట్టి అమర్చుకోవడం సులువుగానే జరిగింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజు తొట్టి. అంచుల దాకా నింపితే సుమారు యాభై ఆరు లీటర్లు పడుతుంది. స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దానిని నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియా అందులో స్థిరపడే దాకా నెలకు పైగా ఖాళీ తొట్టినే నడిపాను. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన తరువాతే చేపల కోసం బయలుదేరాను.

దుకాణదారు నా మాట పూర్తిగా వినకుండానే, టెట్రాలు రెండు చాలునని, వాటికి తోడు ఒక గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్ ఫిష్‌లు వేసి తొట్టిని ఈశాన్య మూలన పెడితే ఇంటికి కలిసివస్తుందని చెప్పసాగాడు. ఏంజెల్ ఫిష్ పెద్దదయ్యాక నియాన్ టెట్రాను అవలీలగా మింగుతుంది. గోల్డ్ ఫిష్‌కు చల్లని నీళ్ళూ, ఇంతకు ఎన్నో రెట్ల చోటూ కావాలి. ఇక టెట్రా గుంపులో బతికే జీవి. ఒకటీ రెండూ వేస్తే మొక్కల చాటున నక్కి, మేత కూడా సరిగా ముట్టవు. కనీసం ఎనిమిదో పదో ఉండాలి. నేను పట్టుబట్టి డజను తీసుకున్నాను. దుకాణంలో అవన్నీ ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతుంటే చూడముచ్చటగా ఉందనుకుంటాము గాని, అది భయం. నిశ్చింతగా ఉన్న టెట్రాలు తొట్టి అంతటా విడివిడిగా తిరుగుతూ, ఏదైనా నీడ కదిలినప్పుడు మాత్రమే ఒక్కటవుతాయి.

మొదటి వారం అన్నీ బాగున్నాయి. తొట్టి నీటిలో ఐదో వంతు తీసి కొత్త నీళ్ళు పోసిన మరుసటి రోజు నుంచి కొన్ని చేపలు పైకి తేలి రొప్పడం, నీలిరంగు చార వెలిసిపోవడం మొదలైంది. రాత్రి లైటు ఆర్పాక ఆ చార మసకబారడం సహజమే, పొద్దున తిరిగి మెరుస్తుంది. ఇది పట్టపగలే జరుగుతోంది. క్లోరిన్ విరుగుడు ప్రతిసారీ వేశాను. అమ్మోనియా సున్నాయే. ఒకసారి నీళ్ళు మారిస్తే ఏమీ కాదు, మరోసారి మారిస్తే రెండు చేపలు పోతాయి, ఇంకోసారి తెల్ల మచ్చల జబ్బు పట్టుకుంటుంది. దీని తీరూ తెన్నూ నాకు అంతుపట్టలేదు.

దుకాణదారు మాత్రం ఏ సందేహమూ లేకుండా వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త సీసా చేతిలో పెట్టాడు. మొదట నీలం మందు, తరువాత పసుపు మందు, ఆ తరువాత ఉప్పు. చివరికి నలుగురు కొనుగోలుదారుల ముందు, "కొందరి చేతికి చేపలు అచ్చిరావు మేడం, వదిలేయండి" అన్నాడు. నీళ్ళు ఎక్కడివని ఒక్కసారైనా అడగనివాడు నా చెయ్యి మంచిది కాదని తేల్చేశాడు. దుకాణానికి వెళ్ళినప్పుడు మీ ఇంటి నీళ్ళ గురించి అడగకుండా మందు అమ్మేవాడు ఎదురైతే, అక్కడ సీసా కాదు, చేప మేత కూడా కొనవద్దు.

నేను కొన్న మందులన్నింటికన్నా చవకైన టీడీఎస్ మీటరు అసలు సంగతి బయటపెట్టింది. నీటిలో కరిగిన లవణాలెన్నో చెప్పే ఆ చిన్న పరికరం మా కుళాయి నీటిలో ఒకరోజు లీటరుకు 310 మిల్లీగ్రాములు చూపితే, మరొక రోజు 880 చూపింది. కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ను అడిగితే అతడు ఒక్క నిమిషంలో తేల్చేశాడు: "నల్లా నీళ్ళు ఒకరోజు ఇడిసి ఒకరోజు వస్తయి మేడం. తక్కువైతే రాత్రి బోరు ఏస్త. ఎండాకాలం ట్యాంకర్. అన్నీ ఒకటే సంపుల వడ్తయి." నల్లాలో వచ్చేది నాగార్జునసాగర్ నుంచి 2004లో మొదలై హైదరాబాద్ నగరానికి చేరుతున్న కృష్ణా నీరు. బోరులోది రాతి పొరల్లోంచి వచ్చే కఠిన జలం. మంచినీటి చేప ఒంటిలోకి మొప్పల గుండా నీరు నిరంతరం చొరబడుతూ ఉంటుంది, లవణాలను పట్టి ఉంచి ఆ నీటిని బయటికి తోడిపోయడం మూత్రపిండాల పని. చుట్టూ ఉన్న నీటిలోని లవణాలు ఉన్నట్టుండి మారితే ఆ లెక్క తప్పి చేప నీరసిస్తుంది, జబ్బులకు లోనవుతుంది. అమెజాన్ ప్రాంతంలో లవణాలు తక్కువగా ఉండే మెత్తని నీటి చేప అయినా, మనకు దొరికే నియాన్లు చాలావరకు పెంపక కేంద్రాల్లో పుట్టినవే కాబట్టి కొంత కఠినమైన నీటికి అలవాటుపడగలవు. అయితే ఆ నీరు రోజుకొక రకంగా ఉండకూడదు.

కావలసిందల్లా బోరు వేసిన రోజు నోటీసు బోర్డు మీద రాయించడమే కనుక, ఆ చిన్న కోరికతో అసోసియేషన్ సమావేశానికి వెళ్ళాను. సెక్రటరీ గారు నా మాటను మధ్యలోనే అందుకుని, "మేడం, మనుషులకే నీళ్ళు చాలక చస్తుంటే చేపలకు టైంటేబుల్ కావాలా?" అన్నారు. వెనుక వరుసలోంచి ఎవరో పులుసు పెట్టేయమన్నారు. అవి పంటి కిందికి కూడా రావని మరొకరు అందుకున్నారు. అందరూ నవ్వారు, నా పక్కన కూర్చున్న ఆవిడతో సహా. మినిట్స్ పుస్తకంలో "చేపల విషయం: చర్చ అవసరం లేదు" అని రాసుకున్నారు. ఇదే కోరిక కారు కడుక్కోవడానికి ఒక మగవాడు అడిగి ఉంటే చర్చకు వచ్చేది. ఆడది అడిగితే పనిలేనితనం అవుతుంది.

నేను ఊరుకోలేదు. రోజూ పొద్దున కుళాయి రీడింగ్ తీసి ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టసాగాను. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములని కింద ఒక వాక్యం చేర్చాను. గీజర్లలో సున్నం పేరుకోవడం, జుట్టు రాలడం అందరికీ ఒకేసారి గుర్తుకొచ్చాయి. పులుసు పెట్టమన్న పెద్దమనిషే ఇప్పుడు ఏడింటికల్లా "ఇవాళ ఎంత మేడం?" అని మెసేజ్ పెడతారు. బోరు వేసిన రోజు బోర్డు మీద రాయమని సెక్రటరీ గారే వాచ్‌మన్‌కు చెప్పారు, ఆ ఆలోచన తనదేనన్నట్టు.

ఇప్పుడు నల్లా రోజున మాత్రమే ఇరవై లీటర్ల క్యానులో నీళ్ళు పట్టుకుంటాను. క్లోరిన్ విరుగుడు వేసి, మూడు మగ్గుల ఆ నీటికి రెండు మగ్గుల ఆర్వో నీరు కలిపితే మీటరు 200 దగ్గర నిలుస్తుంది. తొట్టిని ఆ అంకెకు కొన్ని వారాల మీద మెల్లగా దించాను. ఒకేసారి దించితే మళ్ళీ అదే గండం. వట్టి ఆర్వో నీరు మాత్రం పోయకూడదు, చేపకు అవసరమైన లవణాలూ అందులో ఉండవు. ఎండ ముదిరితే మూత తీసి నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఇంత శ్రమ వద్దనుకునేవారు జీబ్రా డేనియోలు తెచ్చుకోవచ్చు. మన ఉపఖండపు చేప, గుంపుగా తిరుగుతుంది, కఠిన జలాన్ని ఓర్చుకుంటుంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశోధనలకు పెంచేది దీనినే. నాకైతే నియాన్లే కావాలి, పోయిన వాటి స్థానంలో వేరే దుకాణం నుంచి మళ్ళీ కొన్ని తెచ్చాను. సంచిలోంచి నేరుగా వదలకుండా, గాలి గొట్టానికి ముడివేసి తొట్టి నీటిని చుక్కలుగా గంటసేపు వాటి గిన్నెలో పడనిచ్చాక వదిలాను. నీలం, పసుపు సీసాలు సగానికి పైగా మిగిలాయి. విప్పని ఉప్పు ప్యాకెట్‌ను సైతం పాత దుకాణదారు వాపసు తీసుకోనన్నాడు.