ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయిన విద్యార్థులు

“ఇది చాటుగా చెప్పవలసిన విషయమని నీకెందుకు అనిపించింది?” అని మా శిక్షణ సంస్థలో వృద్ధుల సంరక్షణ కోర్సు బోధించే సీనియర్ ట్రైనర్ నన్ను సూటిగా అడిగారు. ఆవిడ చాలాకాలం నర్సుగా పనిచేసి బోధనలోకి వచ్చినవారు, వయసులో మా అమ్మకు కాస్త అటూ ఇటూగా ఉంటారు. ఆవిడ తయారుచేసిన క్విజ్‌లో ఒక ప్రశ్న సరిగా లేదని లెక్కలు చెబుతుంటే, దాన్ని సమావేశంలో అందరి ముందూ తెర మీద వేయడానికి మనసొప్పక, ముందుగా ఆవిడ గదికి వెళ్లి నెమ్మదిగా చెప్పాను. పెద్దవాళ్ల విషయంలో మనం చేసేది అదే కదా. ప్రశ్న బాగా లేదన్నందుకు ఆవిడ నొచ్చుకోలేదు. అదే ప్రశ్నను మిగతా ట్రైనర్లు కూడా వాడుతున్నారని, నేను గుట్టుగా ఉంచితే వాళ్ల విద్యార్థులు నష్టపోతారని మందలించారు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని ఈ సంస్థలో, విద్యార్థులు పాఠాలు చదివే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ నుంచి వివరాలు తీసి ట్రైనర్లకు నివేదికలు ఇవ్వడం నా పని. మా విద్యార్థుల్లో నేపాల్, పంజాబ్, కేరళల నుంచి వచ్చినవారు ఎక్కువ, మనవాళ్లూ కొందరున్నారు. పగలంతా గిడ్డంగిలోనో వంటశాలలోనో నిలబడి పనిచేసి, రాత్రి ఫోనులో పాఠం తెరిచేవారే చాలామంది. ఇక్కడి వృత్తి విద్యలో సాధారణంగా మార్కులు, ర్యాంకులు ఉండవు. పని చేతనైందా, ఇంకా కాలేదా అన్నదొక్కటే రాస్తారు. కాబట్టి ఎన్నో ప్రయత్నంలో గట్టెక్కారు, ఏ పాఠం దగ్గర ఆగిపోయారు, సమర్పించిన పనిని దిద్దకుండా ఎన్ని రోజులు ఉంచాము అన్న వివరాలే మా బోధన గురించి ఏమైనా చెప్పగలవు.

మేము వాడేది 2002లో పెర్త్‌కు చెందిన మార్టిన్ డుగియామస్ విడుదల చేసిన మూడుల్ అనే సాఫ్ట్‌వేర్. అందులో క్విజ్ గణాంకాల పేజీ తెరిస్తే, ప్రతి ప్రశ్నను ఎంత శాతం మంది సరిగా రాశారో కనిపిస్తుంది. మొత్తం క్విజ్‌లో బాగా రాసినవారు ఆ ప్రశ్నను కూడా బాగా రాశారా లేదా అన్నదీ మరో సూచిక చూపిస్తుంది. ఈ రెండో సూచిక బాగా పడిపోయిందంటే, అనుమానించవలసింది ముందుగా ప్రశ్ననే. మా ప్రశ్న చేతి తొడుగులు, గౌను, మాస్కు తీసే క్రమం గురించినది. దాన్ని “కిందివాటిలో ఏది చేయకూడనిది కాదు” అన్న ధోరణిలో అడిగారు. ట్రైనర్ ఎదుట వాటిని తప్పు లేకుండా తీసి చూపించినవాళ్లే క్విజ్‌లో తప్పారు. అంటే ఆ ప్రశ్న పరీక్షిస్తున్నది ఇన్‌ఫెక్షన్ గురించిన అవగాహనను కాదు, ఒకే ఇంగ్లీషు వాక్యంలోని రెండు ‘కాదు’లను విడదీసుకోగల నేర్పును. ప్రతి కోర్సు మదింపు పద్ధతిని 5 ఏళ్లకు ఒకసారైనా పునఃపరిశీలించాలని ఇక్కడి నిబంధన. అంతవరకు ఆగి ఉంటే ఎందరు మా వల్ల తమను తాము తక్కువగా అనుకునేవారో!

అన్ని వివరాలనూ ఇంతగా నమ్మలేము. సాఫ్ట్‌వేర్ నమోదు చేసేది నొక్కులను మాత్రమే. పాఠాన్ని దిగుమతి చేసుకుని రైలులో చదువుకున్న విద్యార్థి దాని లెక్కలో చదవనట్టే. లాగిన్ లేదన్న ఒక్క కారణంతో ఎవరికైనా హెచ్చరిక ఉత్తరం పంపడానికి నేను ఒప్పుకోను.

ఆ మందలింపు మాత్రం చాలా రోజులు మనసులో మెదిలింది. నేను చాటుగా చెప్పడం పిరికితనమని ఆవిడ అనుకున్నారేమో గానీ, అది కాదు. మనం చదువుకున్న కాలేజీల్లో పాస్ పర్సెంటేజీ తగ్గితే లెక్చరర్‌ను పిలిచి సంజాయిషీ అడిగేవారు. అంకె బయటపడిందంటే ఒకరి మీద తీర్పు పడినట్టే. అటువంటి చోటు నుంచి వచ్చినవాడు ఒక పెద్దావిడ పేరున్న అంకెను పదిమందిలో పెట్టే ముందు ఆగితే, అది ఆవిడను కాపాడాలన్న తపనే. పైగా మన మాస్టర్లకు ఈ సాఫ్ట్‌వేర్లేవీ లేవు. పిల్లవాడు రెండు రోజులు బడికి రాకపోతే పక్కింటి పిల్లలను అడిగి కారణం తెలుసుకునేవారు. మా నివేదికలో ఆ కారణం ఎప్పుడూ కనిపించదు.

అంకెను భయం లేకుండా అందరి ముందూ పెట్టడం ఆస్ట్రేలియాకు కూడా సహజంగా అబ్బిన గుణమని నేననుకోను. వెట్ ఫీ హెల్ప్ అనే వృత్తి విద్యా రుణ పథకంలో చేరికల సంఖ్యను బట్టి ప్రభుత్వ ధనం వస్తున్నప్పుడు, చదివే ఉద్దేశం లేనివారిని కూడా చేర్చుకున్న సంస్థలు ఇక్కడ ఉండేవి. దాన్ని ఎత్తివేసి 2017లో కొత్త రుణ పథకం తెచ్చారు. అందులో విద్యార్థి తాను నిజంగా చదువుతున్నానని ఎప్పటికప్పుడు ధ్రువీకరించాలి. అంకెకు డబ్బునో శిక్షనో ముడిపెడితే ఏ దేశంలోనైనా అది చెడుతుంది. మా ట్రైనర్ అంత నిబ్బరంగా ఉండగలగడానికి ఆవిడ వ్యక్తిత్వం ఒక కారణమైతే, మా సంస్థలో ఈ నివేదికలను ట్రైనర్ల వార్షిక మదింపుకు వాడకపోవడం మరో కారణం. నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఈ రెండోదే.

ప్రశ్నను బొమ్మలతో, సూటి వాక్యంతో తిరగరాశారు. తరువాతి బ్యాచ్‌లో ఎక్కువమంది మొదటి ప్రయత్నంలోనే దాటారు. ఇప్పుడు ఆవిడ, ఎవరు ఎన్ని రోజులకు దిద్దుతున్నారో పేర్లతో సహా చూపించమంటున్నారు. దీనికి నేను ఒప్పుకోలేదు. విద్యార్థులు పని నేర్చుకునే ప్లేస్‌మెంట్ కేంద్రాలను వారమంతా తిరిగే ట్రైనర్‌ను, ఆఫీసులోనే ఉండే ట్రైనర్‌ను ఒకే వరుసలో నిలబెట్టడం న్యాయం కాదని చెప్పాను. మా వాదన ఇంకా తెగలేదు.

విజయవాడలో ఒక నైపుణ్య శిక్షణ కేంద్రంలో పనిచేసే మా పిన్నికూతురుకు ఇదంతా చెప్పాను. అక్కడ బయోమెట్రిక్ హాజరు ఏ రోజుకారోజు పైకి వెళుతుందట గానీ, క్విజ్ గణాంకాల పేజీని ఎవరూ తెరవలేదట. మూడుల్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు కనుక ఖర్చు పెద్ద అడ్డం కాదు. ఆ పేజీని పైఅధికారికి పంపే ముందు బోధించేవాళ్లు మాత్రమే కూర్చుని చూసుకోండి, పేర్లు తీసేసి ప్రశ్నలతో మొదలుపెట్టండి అని చెప్పాను.