బెన్ లోమండ్ నమూనా: మూడో పోతలోనూ బుడగలే

స్కాట్లండ్‌లోని బెన్ లోమండ్ కొండకూ, దాని పక్కనున్న లోక్ లోమండ్ సరస్సుకూ అట్టతో నమూనా చేస్తున్నాను. నీళ్ల కోసం రెజిన్ (పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం) పోస్తున్నాను. మూడో పోత కూడా పాడైంది. నిన్న పొద్దున్నే గదిలోకి వెళ్లి చూస్తే, సరస్సు తూర్పు ఒడ్డున, సరిగ్గా బెన్ లోమండ్ పాదాల దగ్గర, మళ్లీ బుడగలు. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. 6 సెంటీమీటర్ల మేర 43 ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది. కానీ ఈసారి కారణం దొరికిందనిపిస్తోంది, అందుకే వెంటనే రాసి పెట్టుకుంటున్నాను.

కొండ మాత్రం బాగా కుదిరింది. 1:25,000 మ్యాపు, 20 మీటర్ల ఎత్తుకొక 1 మి.మీ. అట్ట, 974 మీటర్ల శిఖరానికి 48 పొరలు. సెప్టెంబరులో రోవర్డెన్నన్ నుంచి ఎక్కినప్పుడు మోకాళ్లు పట్టేసిన టార్మిగన్ గట్టు, అక్కడి వంకరతో సహా వచ్చింది. బ్లేడు విషయంలో నా మాట ఒకటే: స్వాన్-మోర్టన్ 10ఎ. విరుచుకుంటూ వాడే చవక బ్లేళ్లు పదో పొరకే అంచుల్ని చింపేశాయి.

బాధంతా నీళ్లతోనే. లోక్ లోమండ్ దక్షిణాన వెడల్పుగా, తక్కువ లోతుతో ఉంటుంది. ఉత్తరాన ఇన్వర్‌స్నెయిడ్ వైపు ఇరుకైపోయి దాదాపు 190 మీటర్ల లోతుకు దిగుతుంది. నీటిమట్టం సముద్రమట్టానికి ఏడెనిమిది మీటర్లే పైన, అంటే అడుగు సముద్రమట్టం కంటే చాలా కింద ఉందన్నమాట. ఆ లోతు కనిపించాలనే రంగు వేయకుండా రెజిన్ పోస్తున్నాను. నా నమూనాలో అది 9.5 మి.మీ.

మొదటిసారి మొత్తం ఒకేసారి పోశాను. వేడెక్కి అట్టలోని గాలంతా పైకొచ్చింది. తప్పు నాదే. రెండోసారి అంచులకు నీళ్లు కలిపిన ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పూసి, 3 మి.మీ. చొప్పున పోశాను. బుడగలు తగ్గాయి గానీ పైన పాలమీగడలాంటి తెల్లటి పొర కట్టింది. గదిలో 14 డిగ్రీలు, తేమ 78 శాతం. గ్లాస్గో జనవరిలో అంతకంటే ఏం ఆశిస్తాం? మూడోసారి జిగురు మానేసి షెల్లాక్ అనే లక్క వార్నిష్ రెండు పూతలు వేశాను (ఈ పనికి షెల్లాకే నయం, జిగురు తడికి మెత్తబడుతుంది). సాయంత్రం 5 గంటలకు పోసి, తెల్లపొర రాకూడదని వెంటనే హీటర్ పెట్టాను. 21 డిగ్రీలకు చేరింది. తెల్లపొర రాలేదు. 6:40కి మొదటి బుడగ కనిపించింది. సూదితో పొడిచాను. పక్కన ఇంకోటి లేచింది. తొమ్మిదింటికి రెజిన్ జిగటగా అయిపోయి సూది దిగలేదు.

ఒక బుడగను దగ్గరగా చూశాను. ఆవగింజంత ఉంది. దానికి వెంట్రుక లాంటి సన్నటి తోక, ఆ తోక నేరుగా రెండో పొరకూ మూడో పొరకూ మధ్య సందులోకి వెళ్తోంది. అంటే గాలి రెజిన్ కలిపినప్పుడు చేరింది కాదు, లోపలి నుంచి వస్తోంది. పడమటి ఒడ్డున, ఎ82 రోడ్డు వెళ్లే వైపు, ఒక్క బుడగ కూడా లేదు. అక్కడ అట్ట మధ్యలో ఖాళీ లేదు. కొండను మాత్రం అట్ట మిగులుతుందని లోపల బోలుగా వదిలాను. ఆ బోలులో సుమారు 900 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది. 14 నుంచి 21 డిగ్రీలకు వెళ్తే గాలి 2.4 శాతం వ్యాకోచిస్తుంది, దాదాపు 22 మిల్లీలీటర్లు. పైనంతా రంగు వేసి మూసేశాను కాబట్టి దానికి కింది పొరల సందులే దారి. తెల్లపొరకు చేసిన మందే బుడగలకు కారణమైంది!

నిన్న రాత్రి అడుగున 5 మి.మీ. రంధ్రం రెండు చోట్ల వేశాను. పాడైన ఒడ్డును గీకి మళ్లీ షెల్లాక్ వేశాను. ఆదివారం మధ్యాహ్నం నుంచే హీటర్ పెట్టి, నాలుగు గంటలు గదినీ కొండనూ వేడెక్కనిచ్చి, హీటర్ తగ్గించాక పోస్తాను. చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుంటుంది, బయటికి తన్నదు. కానీ 18 కంటే కిందికి దిగనివ్వను, లేకపోతే మళ్లీ తెల్లపొర.

సంక్రాంతికి అమ్మ వీడియో కాల్‌లో బొమ్మల కొలువు చూపించింది. మట్టితో కొండ చేసి, ఆవాలు చల్లి మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు పెట్టింది. ఆ మొలకల పచ్చదనం చూశాక నా కొండకు వేసిన ఆకుపచ్చ రంగు నచ్చడం లేదు. జనవరిలో అక్కడ గడ్డి ఎండు రంగులోనే ఉంటుంది, కింది వాలు మీద ఎండిన ఫెర్న్ తుప్పు రంగులో. పైపూత మార్చాలి. వాగులకు కూడా రెండు నీలాలు వాడతాను: ఉత్తరపు వాలు నుంచి డక్రే వాగు ఫోర్త్ నదిలో కలిసి తూర్పు సముద్రానికి పోతుంది, పడమటి వాలు నీళ్లు సరస్సులోంచి లీవెన్, క్లైడ్ నదుల మీదుగా పడమటి సముద్రానికి. ఒకే కొండ మీద పడిన వాన రెండు సముద్రాలకు చీలిపోతుంది. అది నమూనాలో చేత్తో చూపించగలగాలి.

ఇది కుదిరితే తర్వాత దక్షిణం ముక్క: బల్మాహా ఊరు, 361 మీటర్ల కోనిక్ హిల్, దాని వరసలోనే నీళ్లలోకి దిగి ఇంచ్‌కైలోక్ దీవిగా పైకి తేలే హైలాండ్ సరిహద్దు భ్రంశ రేఖ (భూమి పొరలు విరిగిన గీత). అక్కడ లోతు తక్కువ, పలచటి పోత ఒక్కటి చాలు. కోనిక్ హిల్‌ని బోలుగా వదలకుండా నిండుగానే కోస్తాను, 18 పొరలే కదా.