జిరా, గిట్‌హబ్, స్లాక్: మూడింటికీ నేను ఒక్కడినే అని తెలిసేదాకా

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాలాంటి వాళ్ళకి ఇక్కడ పేరు రెండు రకాలుగా ఉంటుంది. మేం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. సర్టిఫికెట్లలో ఒడియా పద్ధతిలో చివర పడుతుంది. ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాకే అదెంత ఇబ్బందో తెలిసింది.

మా టీంలో పనులు జిరాలో, కోడ్ గిట్‌హబ్‌లో, మాటలు స్లాక్‌లో. మూడూ కలిపే ఉన్నాయి. కోడ్‌లో చేసిన మార్పును భద్రపరచడాన్ని కమిట్ అంటారు. దాని పక్కన రాసే మెసేజ్‌లో టికెట్ (ఒక్కో పనికి జిరాలో ఉండే చీటీ) నంబరు, పట్టిన సమయం రాస్తే జిరాలో ఆ గంటలు వాటంతటవే ఎక్కాలి. దీన్ని స్మార్ట్ కమిట్ అంటారు. నావి ఎక్కలేదు. రెండు వారాలు పొద్దుపోయేదాకా పనిచేసినా నా పేరు ఎదురుగా సున్నా. లీడ్ ఏమీ అనలేదు గానీ, సోమవారం మీటింగ్ అంటేనే టెన్షన్ పట్టుకునేది.

టికెట్ నంబరు తప్పేమోనని ఎన్నిసార్లు చూసుకున్నానో! చివరికి బరంపురంలో ఉండే మా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయనా తెలుగువాడే.

"తమ్ముడూ, గిట్ లాగ్ కొట్టి, నీ పేరు పక్కన ఏ మెయిల్ ఉందో చదువు."

కమిట్ల చిట్టా చూపే ఆ కమాండ్ కొట్టి చదివాను. కాలేజీ రోజుల జీమెయిల్, ఇంటిపేరు ముందున్నది. ఆఫీసు మెయిల్ సర్టిఫికెట్ చూసి ఇచ్చింది, అందులో ఇంటిపేరు వెనక.

"పేరు తిరగేస్తే జిరాకి తెలియదా అన్నా?"

"పేరు చూడనే చూడదురా. కమిట్‌లోని మెయిల్, జిరాలో నీ మెయిల్ ఒకటే అయితేనే నువ్వు."

ఆఫీసు కోడ్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్ళి గిట్ కాన్ఫిగ్‌లో ఆఫీసు మెయిల్ పెట్టాను. గ్లోబల్ అని, అంటే కంప్యూటర్‌లోని అన్ని ప్రాజెక్టులకీ వర్తించేలా, పెట్టొద్దన్నారాయన, నా సొంత ప్రాజెక్టులకు జీమెయిలే ఉండాలి కదా. గంటన్నర అని రాసి ఒక చిన్న కమిట్ పంపాను. జిరా తెరిస్తే గంటన్నర నా పేరు మీద ఉంది! ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు గిట్‌హబ్‌లో కొత్త కమిట్ల పక్కన నా ఫొటో లేదు. ఆ ఖాతాకి తెలిసింది జీమెయిల్ ఒక్కటే మరి. సెట్టింగ్స్‌లో ఈమెయిల్స్ దగ్గర ఆఫీసు మెయిల్ కూడా చేర్చి, వచ్చిన లింకు నొక్కి వెరిఫై చేశాను. మధ్యలో అనాథల్లా ఉన్న కమిట్లు కూడా నా ఖాతా కిందికి వచ్చేశాయి. ఒక మెయిల్ ఒక్క గిట్‌హబ్ ఖాతాకే ఉండాలి, రెండో ఖాతా తెరిచి అందులో పెట్టేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

స్లాక్ పని అయిదు నిమిషాలే. స్లాష్ గిట్‌హబ్ సైన్‌ఇన్ (/github signin) అని కొట్టి, వచ్చిన కోడ్ ఇచ్చాను. కోడ్ రివ్యూలో ఎవరైనా నన్ను పిలిస్తే ఇప్పుడు స్లాక్‌లోనే తెలుస్తోంది.

పాత రెండు వారాల గంటలు మాత్రం జిరాలోకి రాలేదు. నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒక్కొక్క టికెట్‌కీ చేత్తో ఎక్కించాను.