మోంతాల్చీనోలో రెండు రోజులు

ఇటలీలోని టస్కనీకి వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఫ్లోరెన్స్, పీసా చూసుకుని వచ్చేస్తారు, నాకు మాత్రం సియెనాకి దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో కొండ మీదున్న మోంతాల్చీనో చూడాలని ఎప్పటినుంచో కోరిక. 2024 సెప్టెంబరు చివర్లో మా ఆవిడా నేనూ వెళ్లాం. సియెనా నుంచి బస్సులో గంట పైనే పడుతుంది. బువొన్‌కొన్వెంతో దాటాక ఎక్కుడు మొదలవుతుంది, ఇక రెండువైపులా ద్రాక్షతోటలే.

ఇక్కడి వైన్ పేరు బ్రునెల్లో. సాంజొవేజె అనే ఒక్క రకం ద్రాక్షతోనే చెయ్యాలి, ఇంకో రకం కలిపితే ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. అంతకన్నా నన్ను ఆకట్టుకుంది వాళ్ల ఓపిక. కనీసం రెండేళ్లు చెక్కపీపాల్లో, ఆ తర్వాత కనీసం నాలుగు నెలలు సీసాల్లో ఉంచాలి, మొత్తమ్మీద కోత అయిన ఐదో ఏడు జనవరి 1 దాకా అమ్మకూడదు. అంటే మేం వెళ్లినప్పుడు దుకాణాల్లో కొత్త సరుకంటే 2019 పంట! అప్పులు, జీతాలు, వానలు అన్నీ ఉన్న రైతు పండించిన సరుకుని అన్నేళ్లు నేలమాళిగలో పెట్టుకుని కూర్చోవడం మాటలు కాదు.

ఊరి బయట ఒక చిన్న తోటవాళ్ల నేలమాళిగకి ముందే చెప్పి వెళ్లాం. లోపల చల్లగా, తడి చెక్క వాసన. వరసగా నా నెత్తికి మించిన ఎత్తు పీపాలు, ఒక్కోదాని మీదా 30 అని అంకె. అంటే 30 హెక్టోలీటర్లు, 3,000 లీటర్లన్నమాట. క్రొయేషియాలోని స్లవోనియా ఓక్ చెక్కట. ఇంత పెద్దవెందుకని అడిగితే, పీపా పెద్దదైతే వైన్‌కి చెక్క తగిలేది తక్కువ, ద్రాక్ష రుచి ద్రాక్షకి మిగులుతుందని చెప్పింది మాకు చూపించిన అమ్మాయి. ఆవిరై తగ్గినంతా మళ్లీ నింపుతూ ఉండాలి, లేకపోతే గాలి తగిలి పాడవుతుంది. గ్లాసులో పోసి తెల్లకాగితం మీద వంచి చూపించింది: చిక్కటి నలుపు కాదు, అంచుల్లో ఇటుకరంగు తిరిగిన పల్చటి ఎరుపు. మొదటి గుక్కకి పుల్ల చెర్రీ, ఆ వెంటనే చిగుళ్లు పట్టేసే వగరు. ఆ వగరు ఉండబట్టే ఏళ్లతరబడి నిలుస్తుందట. నిజం చెప్పాలంటే మా ఆవిడకి రోస్సో అనే ఇక్కడి ఇంకో వైన్ ఎక్కువ నచ్చింది, అదే ద్రాక్ష, మరుసటి ఏడు సెప్టెంబరులోనే అమ్మకానికి వస్తుంది, ధర కూడా బాగా తక్కువ. భోజనంలోకి అదే హాయి.

చాలామంది రోజుకి నాలుగైదు తోటలు తిరిగేసి ఊళ్లోకి అడుగైనా పెట్టకుండా వెళ్లిపోతున్నారు, అది నాకు అన్యాయమనిపించింది. 1361లో కట్టిన కోట బురుజులెక్కితే వాల్ దోర్చా లోయంతా కనబడుతుంది, దక్షిణాన అమియాతా పర్వతం. 1555లో సియెనా శత్రువుల చేతికి చిక్కితే అక్కడినుంచి వచ్చేసిన వాళ్లు ఈ కొండ మీదే తమ గణతంత్రాన్ని 1559 దాకా నిలబెట్టుకున్నారు. ఆ కృతజ్ఞతతోనే ఇప్పటికీ సియెనాలో పాలియో గుర్రప్పందేల ఊరేగింపులో మోంతాల్చీనో జెండాకి గౌరవస్థానం.

తిండి గురించి మన శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. పిన్చి అని చేత్తో పేనిన పాస్తా ఉంటుంది, జంతికల కన్నా లావు, గుడ్డు లేకుండా చేసేదే ఎక్కువ, అయినా ఒకసారి అడగండి. వెల్లుల్లి దట్టించిన టమాటా సాస్ ఆలియోనేతో తెమ్మనండి. రొట్టెలో మాత్రం ఉప్పుండదు, టస్కనీ పద్ధతే అంత.

మర్నాడు టాక్సీ మాట్లాడుకుని 10 కిలోమీటర్లలో ఉన్న సాంత్ అంతిమో మఠానికి వెళ్లాం. ఇప్పుడున్న చర్చి కట్టడం 1118లో మొదలైంది. లోపల కుడివైపు స్తంభాల వరసలో ఒకదాని తలమీద సింహాల మధ్య బైబిల్ ప్రవక్త దానియేలు బొమ్మ చెక్కి ఉంది, చేతులెత్తి ప్రార్థిస్తూ. చాలామంది ముందునుంచి ఫోటో తీసుకుని కదిలిపోతున్నారు. పక్కకి తిరిగి కూడా చూడండి, ఆ సింహాలే అతని మీద నేరం మోపినవాళ్లని నమిలేస్తుంటాయి.